ఆషాఢం నుంచి కార్తీకం దాకా: డెల్టాలో సొంత తిండి లెక్క

గోదావరి డెల్టాకు ఆపదలు కొత్త కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద చూసింది. 1996 నవంబరు 6న తుపాను కోనసీమను ఊడ్చేసింది. 2022 జూలైలో దాదాపు 26 లక్షల క్యూసెక్కుల వరదకు నది మధ్యలోని లంకలు మునిగిపోయాయి. ప్రాణాలూ పంటలూ పోయిన రోజులవి. అయినా ప్రతిసారీ ఒక ధైర్యం మిగిలింది. వరద తీసిన కొన్నాళ్ళకు రోడ్డు మీదకు లారీ వచ్చేది, కరెంటు వచ్చేది, రేషన్ షాపు తెరిచేవారు. రాజమండ్రి అవతల దేశం మామూలుగానే నడుస్తూ ఉండేది.

ఆ లారీ ఆరు నెలలు, ఏడాది రాకపోతే ఏం తినాలి అన్నది వేరే ప్రశ్న. యుద్ధం కావచ్చు, డీజిల్ కొరత కావచ్చు, పెద్ద అంటురోగం కావచ్చు. ఇది ఊహల్లో మాట కాదు. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ ఏడే బర్మా బియ్యం రావడం ఆగిపోయింది, మరుసటి ఏడు బెంగాల్లో లక్షల మంది ఆకలితో చనిపోయారు. గోదావరి మీద ఆనకట్ట కట్టకముందు, 1832-33లో వచ్చిన డొక్క కరువు గుంటూరుతో పాటు కృష్ణా, గోదావరి ప్రాంతాలనూ తాకింది.

ఈ ప్రశ్న వినగానే డెల్టాలో ఎవరైనా చెప్పే జవాబు ఒకటే: ఇక్కడ తిండికి లోటేముంది, ఎటు చూసినా వరే కదా. ఇందులో సగం నిజం. పండుతున్న మాట నిజం. పండింది ఊళ్ళో ఉంటుందన్నది మాత్రం ఇప్పుడు నిజం కాదు. కోత మిషన్ దిగిన రోజే పచ్చి ధాన్యం ట్రాక్టరెక్కి కొనుగోలు కేంద్రానికో మిల్లుకో వెళ్ళిపోతుంది. ఇరవై ఎకరాల రైతు కూడా ఇంటికి బియ్యం బస్తా షాపులోనే కొంటున్నాడు. ఇళ్ళముందు వడ్లు దాచే గడ్డి పురులు కట్టడం ఆగిపోయింది, గాదెలు విప్పి కలప అమ్ముకున్నారు. ఇంట్లో నెలకు సరిపడా బియ్యం ఉంటే గొప్ప. కాబట్టి ఇక్కడ ఆలోచించాల్సింది పండించడం ఎలా అని మాత్రమే కాదు. ఏ నెలలో ఏది తినాలి, ఏది దాచాలి అన్నది అంతకంటే ముఖ్యం.

డెల్టా పంటల క్యాలెండర్ చూస్తే విషయం తెలుస్తుంది. వానాకాలపు వరి సార్వాకు జూన్‌లో నారు పోసి, జూలైలో ఊడ్చి, కార్తీకం, మార్గశిరాల్లో కోస్తారు. రెండో పంట వరి దాళ్వాను సంక్రాంతి ముందూ వెనకా ఊడ్చి, ఏప్రిల్లో కోస్తారు. సార్వా నీటికి పెద్దగా భయం లేదు, గోదావరి నిండుగానే ఉంటుంది. దాళ్వా సంగతి అలా కాదు. చలికాలం వచ్చేసరికి నదిలో ప్రవాహం పడిపోతుంది. సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీళ్ళు తోడైతేనే రెండో పంట గట్టెక్కుతుంది. అంటే దాళ్వా పండాలంటే ఎక్కడో కొండల్లో విద్యుత్ కేంద్రం నడవాలి, నీటి పంపకం మీద అధికారులు మాట్లాడుకోవాలి. దీర్ఘకాలపు ఆపదలో ఆ ఏర్పాటు నిలుస్తుందని నమ్మి కూర్చోలేం. దాళ్వా లేదనుకుంటే ఒక్క సార్వా పంటే ఏడాదంతా రావాలి. అప్పుడు ఇళ్ళలో గింజలు అడుగంటేది సరిగ్గా ఆషాఢం నుంచి కార్తీకం మధ్యలో. పొలంలో పనులు ఎక్కువగా ఉండేదీ, వరదలు వచ్చేదీ, జ్వరాలు ముసిరేదీ ఆ నెలల్లోనే. సొంత తిండి గురించి ఏ ఆలోచన చేసినా ఆ నాలుగు నెలల దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క వేసుకోవాలి.

లెక్క కష్టమేమీ కాదు. మనిషికి రోజుకు సుమారు 2,000 నుంచి 2,100 కేలరీలు కావాలి. వంద గ్రాముల బియ్యంలో 350 దాకా ఉంటాయి. తలకు రోజుకు 400 గ్రాముల బియ్యం అనుకుంటే 1,400 కేలరీలు వచ్చినట్టు, మిగతాది పప్పు, నూనె, దుంప, కొబ్బరి, చేప నుంచి రావాలి. నలుగురున్న ఇంటికి ఆ లెక్కన ఏడాదికి 584 కిలోల బియ్యం. వడ్లు ఆడిస్తే మూడింట రెండు వంతులు బియ్యం అవుతాయి కాబట్టి సుమారు 870 కిలోల వడ్లు, అంటే 75 కిలోల బస్తాలు పన్నెండు. విత్తనానికీ, ఎలుకలకూ, తరుగుకూ కలిపి పద్నాలుగు బస్తాలు పక్కన పెడితే ఆ ఇంటికి ఏడాది అన్నం ఉన్నట్టే. ఇప్పుడు సార్వాలో ఎకరానికి ముప్పై బస్తాల దాకా చూస్తున్న నేలలో ఇది చిన్న మొత్తమే అనిపిస్తుంది.

కానీ ఆ ముప్పై బస్తాలు యూరియా వేస్తే వచ్చేవి. యూరియా ఆగితే దిగుబడి సగానికి పడిపోవచ్చని అనుకునే లెక్క వేసుకోవాలి. అప్పుడు ఒక కుటుంబానికి ఒక ఎకరం అన్నమాట. ఇక్కడ పచ్చిరొట్ట ఎరువుగా వేసే జీలుగ విలువ తెలుస్తుంది. నాట్లకు ముందు జీలుగ చల్లి, నలభై ఐదు యాభై రోజులకు పూత దశలో దమ్ములో కలియదున్నితే ఎకరానికి ఒకటి, ఒకటిన్నర బస్తా యూరియాలో ఉండేంత నత్రజని నేలకు చేరుతుంది. ఉప్పు తగిలిన నేలనూ జీలుగ తట్టుకుంటుంది కాబట్టి తీరం వైపు ఊళ్ళకు ఇది మరీ అక్కరకొస్తుంది. ఇబ్బందల్లా జీలుగ విత్తనం కూడా ఇప్పుడు సబ్సిడీ మీద బయట నుంచే రావడం. గట్టు పక్కన ఒక వరస కోయకుండా గింజ కట్టనిస్తే ఆ బాధ ఉండదు. ఇంత తేలిక పనిని ఇన్నేళ్ళుగా ఊళ్ళు వదిలేయడం విచారించాల్సిన విషయం.

వరి విత్తనం విషయంలో డెల్టా అదృష్టం మంచిది. వరి తన పుప్పొడితోనే గింజ కడుతుంది, కాబట్టి హైబ్రిడ్ కాని రకమైతే ఇంట్లో దాచిన వడ్లే మళ్ళీ విత్తనం. పశ్చిమ గోదావరిలోని మార్టేరు వరి పరిశోధనా స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ రకం ఈ నేలకు ఎంత అలవాటైందో చెప్పనక్కర్లేదు. దాని నుంచే వచ్చిన స్వర్ణ సబ్-1 రెండు వారాల దాకా నీట మునిగినా మళ్ళీ చిగురిస్తుంది. వరద తగిలే పల్లపు ఊళ్ళలో ఈ రకం కొన్ని బస్తాలు ఎప్పుడూ ఊళ్ళో తిరుగుతూ ఉండటం మంచిది. విత్తనపు వడ్లను బాగా ఎండబెట్టి, కొరికితే టక్కున విరిగేటట్టు అయ్యాకే దాచాలి. తిండికి కూడా బియ్యంగా కాక వడ్లుగానే నిల్వ చేయాలి. పొట్టు ఉన్నంతకాలం గింజ ఏళ్ళ తరబడి ఉంటుంది. దంపుడు బియ్యం చేస్తే తవుడులోని నూనె వల్ల కొద్ది నెలల్లోనే ముక్క వాసన వస్తుంది.

నీటి విషయంలో డెల్టాకు ఉన్న బలాన్ని చాలామంది గమనించరు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఇక్కడి కాలువలు పల్లానికి వాటంతట అవే పారుతున్నాయి. మోటారు అక్కర్లేదు, డీజిల్ అక్కర్లేదు. బోర్లమీద బతికే మెట్ట జిల్లాలకు ఈ వరం లేదు. బలహీనత రెండో వైపు ఉంది. నీరు రావడం తేలిక, పోవడమే కష్టం. మురుగు కాలువల్లో గుర్రపుడెక్క, తూడు అల్లుకుపోతే ఒక వానకు వారం రోజులు చేలు మునిగే ఉంటాయి. 2011 సార్వాలో కోనసీమ రైతులు సుమారు లక్ష ఎకరాలు బీడు పెట్టి పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, కూలి ఖర్చులతో పాటు వాళ్ళు చెప్పుకున్న గోడు ఈ డ్రెయిన్ల గురించే. పొక్లెయిన్లు ఆగిన రోజున డ్రెయిన్ తవ్వాల్సింది మనుషులే. ఏ ఒక్క ఇల్లూ చేసుకోగల పని కాదిది. పై ఊరు తవ్వి కింది ఊరు తవ్వకపోతే పై ఊరి శ్రమ కూడా వృథా. డెల్టాలో ఒంటరిగా ఎవరి తిండి వాళ్ళు పండించుకోవడం అనేది అసలు కుదరదని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

ఇక దుంపలు. దీర్ఘకాలపు కొరతలో వరి తర్వాత ఆదుకునేవి ఇవే, వీటికి డెల్టాను మించిన నేల లేదు. కంద, చేమ, పెండలం, చిలగడదుంప, మెట్ట వైపు కర్రపెండలం. వీటిలో కంద మీద ఎక్కువ ఆశ పెట్టుకోవచ్చు. కొవ్వూరు ప్రాంతం నుంచే వచ్చిన గజేంద్ర రకం నోరు దురద పెట్టదు, నీడన నెలల తరబడి నిల్వ ఉంటుంది. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో పెడితే సంక్రాంతి నాటికి తవ్వుకోవచ్చు. బాగా ఎరువు వేస్తే ఎకరానికి పదహారు టన్నుల దాకా వచ్చే పంట ఇది. అందులో సగమే అనుకున్నా పది సెంట్లలో 800 కిలోలు. మూడు, మూడున్నర కిలోల కంద తింటే కిలో బియ్యం తిన్నంత బలం.

అయితే కందలో ఒక చిక్కుంది. పది సెంట్లకు విత్తనపు ముక్కలే మూడు వందల కిలోల పైన కావాలి. ఆపద వచ్చాక కంద పెడదాం అనుకుంటే ఆ విత్తనం ఎక్కడా దొరకదు. ముందే పెరట్లో నాలుగు మొక్కలతో మొదలుపెట్టి, ఏటా తవ్వినదాంట్లో కొంత తిరిగి పెడుతూ పెంచుకోవాలి. చిలగడదుంపకు ఈ బాధ లేదు. నాలుగు తీగలు బతికి ఉంటే చాలు, వాటినే తుంచి నాటుతూ పోవచ్చు. నాలుగు నెలల్లో దుంప ఊరుతుంది, ఈలోపు ఆకు కూర వండుకోవచ్చు. వరద తీసిన లంకల ఇసుక నేల దానికి సరిగ్గా సరిపోతుంది. పెండలం తీగను మునగకో కొబ్బరికో ఎక్కిస్తే నేల కూడా పెద్దగా అక్కర్లేదు. కర్రపెండలం ఎంత విరివిగా పండినా జాగ్రత్తగా తినాల్సిన దుంప, అందులో సైనైడ్ ఉంటుంది. చెక్కు తీసి, ముక్కలు కోసి, నీళ్ళు మార్చి పూర్తిగా ఉడికించకుండా ఎవరూ తినకూడదు.

కందా పెండలమూ చేతికొచ్చేది మాఘ ఫాల్గుణాల్లో, ఆకలి నెలలకు చాలా ముందు. మరి అవి ఎలా ఆదుకుంటాయి? అసలు ఉపాయం ఇక్కడే ఉంది. దుంపలు కొన్ని నెలలకు మించి ఉండవు, వడ్లు ఉంటాయి. దుంపలున్న నెలల్లో అన్నం తగ్గించి కంద కూర, ఉడికించిన చిలగడదుంప, వేసవిలో పనస పొట్టు, పనస గింజలు, ఏడాది పొడవునా బొంత అరటికాయ ఎక్కువ తింటే, ఆ మేరకు వడ్లు పురిలోనే మిగిలి శ్రావణ భాద్రపదాలకు వస్తాయి. చెడిపోయేదాన్ని ముందు తిని, చెడనిదాన్ని చివరికి ఉంచడం. సంక్రాంతికి పంట ఇంటికి రాగానే మూడు పూటలా తెల్లన్నం తినే ఇల్లు శ్రావణంలో చెయ్యి చాచాల్సి వస్తుంది.

ఆ నెలల్లోనే తాటిచెట్టు తన వంతు ఇస్తుంది. తాటిపళ్ళు రాలేది శ్రావణ భాద్రపదాల్లో. గుజ్జుతో తాటి రొట్టె, తాండ్ర చేసుకుని, టెంకలను పాతర వేస్తే కార్తీకం దాటాక తేగలు. ఉడకబెట్టి తినవచ్చు, ఎండబెట్టి పిండి కొట్టి దాచుకోవచ్చు. ఎరువు వద్దు, నీరు వద్దు, తుపానుకు ఇంకే చెట్టు పడిపోయినా తాడి నిలబడే ఉంటుంది. రియల్ ఎస్టేట్ ప్లాట్ల కోసం తాడిచెట్లు కొట్టేస్తున్న ఊళ్ళు తమ కరువు తిండినే కొట్టుకుంటున్నాయి.

పప్పు దగ్గర డెల్టా నిజంగా బలహీనం. కందిపప్పు బయటి రాష్ట్రాల నుంచి, బయటి దేశాల నుంచి వస్తుంది. ఇక్కడ పండగలిగింది మినుము, పెసర. సార్వా కోతకు రెండు మూడు రోజుల ముందు పదునున్న చేలో మినుము చల్లితే, మంచుకూ నేలలోని తేమకూ డెబ్బై ఎనభై రోజుల్లో నీరు పెట్టకుండానే పండుతుంది. దాళ్వాకు నీళ్ళు లేని ఏడాది ఇది చక్కగా సరిపోయే పంట. కాకపోతే బరువైన కోత మిషన్ తిరిగితే మొలక అణిగిపోతుంది. చేత్తో కోసిన చేలోనే మినుము బాగుంటుంది, డీజిల్ లేని కాలంలో ఎలాగూ కొడవలే దిక్కు. పప్పులకు పుచ్చు పురుగు పట్టకుండా బూడిద కలిపో, కాస్త నూనె పట్టించో దాచాలి.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. కరువుకు తట్టుకుని పండే లంకపప్పు, అంటే కేసరి పప్పు, తేలికగా దొరుకుతుంది కదా అని రెండు మూడు నెలలు అదే ముఖ్య ఆహారంగా తింటే కాళ్ళు బిగుసుకుపోయే పక్షవాతం వస్తుంది. ఆ జబ్బు నయం కాదు. దేశంలో కరువు వచ్చినప్పుడల్లా పేద ఇళ్ళే దీని బారిన పడ్డాయి. మరేమీ లేని రోజున నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, వరి అన్నంలో కొద్దిగా కలుపుకుంటే ప్రమాదం తగ్గుతుంది. పూర్తిగా పోదు.

నూనెకు డెల్టాలో కొబ్బరి ఉంది. పది పన్నెండు కాయల కొబ్బరి గానుగ ఆడితే లీటరు నూనె వస్తుంది. నెలకు లీటరున్నర వాడే ఇంటికి ఏడాదికి రెండు వందల కాయలు, అంటే బాగా కాసే చెట్లు రెండు మూడు. గోదావరి జిల్లాల వాళ్ళు కొబ్బరినూనెతో వండరు, కానీ అలవాటు అవసరాన్ని బట్టి మారుతుంది. నేరుగా కొబ్బరికోరు తిన్నా అదే కొవ్వు ఒంటికి పడుతుంది. కొబ్బరి ఒక్కదాన్నే నమ్ముకోకూడదని మాత్రం 1996 చెప్పింది. ఆ రాత్రి కూలిన తోటల స్థానంలో పెట్టిన పొడుగు రకాలు కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పట్టింది. ఎనభై రోజుల్లో చేతికొచ్చే నువ్వులు వేసవిలో లంకల్లో, మెరకల్లో వేసుకోవడం అందుకే మంచిది. ఏలూరు వైపు ఆయిల్‌పామ్ తోటలు విరివిగా ఉన్నా, గెల కోసిన వెంటనే ఫ్యాక్టరీకి చేరాలి కాబట్టి కరెంటు లేని రోజున వాటిని లెక్కలో వేసుకోకూడదు.

ఉప్పు చవక, చెడదు, ఎవరూ ఆలోచించరు. నలుగురికి వంటకు ఏడాదికి ఎనిమిది పది కిలోలు, ఊరగాయలకు, చేపలు ఎండబెట్టడానికి అంతకు రెండింతలు. ఒక బస్తా కొని అటక మీద పెడితే ఆ పని అయిపోయినట్టే.

చేపల మాటకొస్తే, చెరువులు ఇన్ని ఉన్నాయి కదా అన్న భరోసా చాలా వరకు అబద్ధం. వనామీ రొయ్య చెరువు బస్తాల మేతతో, రాత్రంతా తిరుగుతూ నీటికి గాలి అందించే ఏరియేటర్లతో బతుకుతుంది. కరెంటు పోయి జనరేటర్‌కు డీజిల్ లేకపోతే ఒక్క రాత్రిలో సరుకంతా తేలిపోతుంది. పైగా ఉప్పు నీరు పెట్టిన చెరువును మళ్ళీ వరి చేను చేయాలంటే మంచి నీటితో కడిగి, జీలుగ వేసి, కొన్ని పంటలు ఓపిక పట్టాలి. భీమవరం చుట్టుపక్కల వరి పొలం ఎంత మేర చెరువైందో చూస్తే, ఆపద కాలంలో అక్కడి ఊళ్ళ పరిస్థితి ఆందోళన కలిగిస్తుంది. మంచినీటి చెరువులో పలచగా వదిలిన బొచ్చె, శీలావతి, రాగండి అలా కాదు. తవుడు, పేడ వేసినా పెరుగుతాయి. పేదవాడి చేప ఎప్పుడూ పులస కాదు. పిల్ల కాలువ బోదెల్లో, వరి చేలల్లో చేపల మావులు పెడితే పడే పరిగెలు, జెల్లలు, మట్టగిడసలు, కొరమేను. పురుగుమందుల వాడకంతో ఇవి చాలా తగ్గాయి, మందు ఆగితే మళ్ళీ పెరుగుతాయి. కోసిన చేలో బాతులను తోలితే రాలిన గింజా, నత్తలూ తిని గుడ్లు పెడతాయి.

గట్ల మీద దొరికే ఆకుకూరల గురించి ఎక్కువ ఆశ పెట్టుకోనక్కర్లేదు. పొన్నగంటి, గలిజేరు, గంగపాయల, చెంచలి, తూటికూర, మునగాకు, అవిసాకు కడుపు నింపవు. కానీ వట్టి అన్నం, దుంపల మీద నెలలు గడిపే పిల్లలకు రేచీకటి, రక్తహీనత రాకుండా కాపాడేవి ఇవే. రోజూ గుప్పెడు తప్పకుండా వండాలి. తెలియని ఆకు, తెలియని పుట్టగొడుగు జోలికి పోకూడదు. నీళ్ళలో పాకే తూటికూర వేరు, కాలువ గట్టున పొదలా పెరిగి ఊదా పూలు పూసే తూటికాడ వేరు. రెండోది విషం.

ఇన్ని పండినా తాగే నీళ్ళు లేకపోతే ఫలితం లేదు. ఏప్రిల్లో కాలువలు కట్టేసే ముందే ఊరి మంచినీటి చెరువు నింపుకోవాలి, తీరం వైపు బోరు నీళ్ళు ఉప్పన కాబట్టి ఇంకో దారి లేదు. వరద రోజుల్లో ఎర్రనీళ్ళను చిల్లగింజ అరగదీసి తేర్చుకోవడం ఇక్కడి పెద్దలకు తెలుసు. అది బురదను దించుతుంది, రోగాన్ని చంపదు. తేరిన నీటిని మరగబెట్టే తాగాలి.

ఇప్పటిదాకా వేసిన లెక్కలన్నీ ఎకరమో, పది సెంట్లో ఉన్న ఇంటికి సరిపోతాయి. డెల్టాలో ఎక్కువ ఇళ్ళకు అదీ లేదు. 2020లో ప్రభుత్వం ఊళ్ళలో ఇచ్చిన ఇళ్ళ స్థలం సెంటున్నర, అంటే డెబ్బై రెండు గజాలు. ఇల్లు కట్టగా మిగిలిన చోట ఒక మునగ, రెండు బొంత అరటి, రేకుల మీదకు సొర, గుమ్మడి పాకించవచ్చు, నాలుగు నాటుకోళ్ళు పెంచవచ్చు. అంతకు మించి కుదరదు. ఆ ఇళ్ళకు కాలువ గట్లు, డ్రెయిన్ గట్లు, పోరంబోకు మెరకలు వాటాలు వేసి దుంపలు పెట్టుకోనివ్వాలి. డ్రెయిన్ తవ్వేది వాళ్ళ చేతులే కాబట్టి ఇది దయ కింద కాక హక్కుగా ఇవ్వాల్సింది.

అన్నిటికంటే కష్టమైన ముడి కౌలు. డెల్టాలో పొలం దున్నేది ఎక్కువగా కౌలు రైతే. కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఖాయం అవుతుంది. యూరియా లేక దిగుబడి సగమైనా ఆ బస్తాలు తగ్గవు, కొలిచాక కౌలుదారుడి కళ్ళంలో ఊక తప్ప మిగలదు. తన చేతులతో పండించిన మనిషి ఇంట్లోనే వడ్లుండవు. ఖాయం కౌలు తీసేసి, పండినదాంట్లో పాలు పంచుకునే పద్ధతికి మారాలి. పంచుకునే ముందే విత్తనంతో కలిపి ఆ ఇంటి పద్నాలుగు బస్తాలూ పక్కకు తీసిపెట్టాలి. ఈ మాట ఆపద వచ్చాక మాట్లాడుకునేది కాదు. జ్యేష్ఠంలో, కౌలు కుదిరేటప్పుడే పెద్దల ముందు ఒప్పుకోవాల్సింది.